ఎండాడ ఎత్తులో ఆగిపోయే ఫియట్: పెట్రోలు దారిని వెతికిన డైరీ

2025 ఫిబ్రవరి, మొదటి వారం

బండి 1968 నాటి ఫియట్ 1100 డిలైట్. ముంబైలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కర్మాగారం నుంచి వచ్చినది. కొద్దిపాటి మార్పులతో ఇదే బండి తరువాత ప్రీమియర్ ప్రెసిడెంట్‌గానూ, ఆపైన పద్మినిగానూ మన రోడ్ల మీద తిరిగింది. 1089 సీసీ ఇంజను, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు ఇచ్చే ఒకే గొంతున్న సోలెక్స్ కార్బురేటర్, ఇంజను పక్కనే బిగించి క్యామ్‌షాఫ్టు కొట్టే దెబ్బకు పనిచేసే మెకానికల్ పెట్రోలు పంపు దీని అమరిక. ఇంజను పని ఇదివరకే పూర్తయింది. నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ దాదాపు సమానంగా ఉంది, పాయింట్లు, కండెన్సర్ కొత్తవి, టైమింగ్ సరిగానే ఉంది.

జబ్బు ఇది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టిన వెంటనే బండి అందుకుంటుంది, స్లోలో, అంటే రేసు తొక్కకుండా ఇంజను తిరిగేటప్పుడు, హాయిగా నడుస్తుంది, విశాఖలోని ఎంవీపీ కాలనీ నుంచి బీచ్ రోడ్డు మీదుగా ఎంత తిరిగినా ఏ ఇబ్బందీ పెట్టదు. కానీ హనుమంతవాక దాటి జాతీయ రహదారి ఎక్కి, జూపార్కు గేటు వెనక పడి, ఎండాడ ఎత్తు మొదలైన కాసేపటికి ముందు పికప్ తగ్గుతుంది, తరువాత ముక్కుతూ మూలుగుతూ రెండు మూడుసార్లు తుమ్మినట్టు కొట్టి, చివరికి ఆగిపోతుంది. పక్కకు తీసి ఒక పది నిమిషాలు నిలబెడితే మళ్లీ ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది.

ఈ లక్షణం విన్న ప్రతివారూ ఒకే మాట అన్నారు: వేపర్ లాక్, అంటే వేడికి పైపులోని పెట్రోలు ఆవిరై పంపుకు అందకుండా పోవడం. పంపు మీద తడి గుడ్డ వేసి చూడమన్నారు. వేసి చూస్తే నిజంగానే బండి తొందరగా కోలుకుంది. కానీ ఆ ఫలితాన్ని చివరి సమాధానంగా తీసుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు. విశాఖలో ఫిబ్రవరి పొద్దు చల్లగా ఉంటుంది. యాభై ఏళ్లకు పైగా మండుటెండల్లో తిరిగిన ఒక బండి నమూనాకు ఇంత చల్లటి పూట ఆవిరి జబ్బు ఎందుకు పట్టాలి?

ఫిబ్రవరి నెలాఖరు

గాజువాక ఆటోనగర్‌లో ఈ తరం బండ్లు చేసిన పెద్ద మేస్త్రీ గారిని కలిశాను. ఆయన బానెట్ తెరవనే లేదు. "బండి ఆగినప్పుడు చూడాలి బాబూ, నడిచేటప్పుడు చూస్తే ఏటి తెలుస్తాది?" అన్నారు. నాకు ఈ పని మొత్తంలో అందిన అత్యంత విలువైన సలహా ఇదే. ఆగిన క్షణంలో బండి పరిస్థితి ఏమిటన్నది ఇంటికి లాక్కొచ్చాక ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అప్పటికి ఆ పరిస్థితి తొలగిపోయి ఉంటుంది.

అందువల్ల కావాలనే మళ్లీ ఎండాడ ఎత్తుకు వెళ్లి, బండి ఆగనిచ్చి, అక్కడే రెండు పరీక్షలు చేశాను. మొదటిది కరెంటు. ఒక ప్లగ్గు వైరు తీసి, విడి ప్లగ్గు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొట్టిస్తే నీలి రంగులో బలమైన నిప్పురవ్వ కనిపించింది. ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్ వేడెక్కి చచ్చిపోతే రవ్వ పసుపుగా, బలహీనంగా వస్తుంది, లేదా అసలు రాదు. కాబట్టి కాయిల్ నిర్దోషి. ఈ పరీక్ష పూర్తిగా ముగించి, వైరు తిరిగి పెట్టి, ఇగ్నిషన్ ఆపిన తరువాతే రెండో దానికి వెళ్లాను. రవ్వ, పెట్రోలు ఆవిరి ఒకే సమయంలో ఒకే చోట ఉండకూడదు.

రెండోది ఎయిర్ క్లీనర్ విప్పి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ రేసు మీటను చేత్తో లాగడం. మామూలుగా అయితే లాగిన ప్రతిసారీ యాక్సిలరేటర్ పంపు సన్నని గొట్టం నుంచి ఒక పెట్రోలు ధార గొంతులోకి చిమ్మాలి. నేను లాగితే ఒక్క చుక్క కూడా రాలేదు. కార్బురేటర్‌లో పెట్రోలు నిలవ ఉండే ఫ్లోటు గిన్నె ఖాళీ అన్నమాట. జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాలు), మిక్చర్ స్క్రూ, చోక్ వంటి అనుమానాలన్నీ దీనితో పక్కకు తప్పుకున్నాయి. గిన్నె దాటిన తరువాత ఏం జరుగుతోందన్నది ఇప్పుడు ప్రశ్న కాదు, గిన్నె వరకూ పెట్రోలు ఎందుకు రావడం లేదన్నదే ప్రశ్న. కార్బురేటర్‌ను విప్పి శుభ్రం చేయించాలని తొందరపెట్టిన మిత్రుల మాట విని ఉంటే, ఏ తప్పూ లేని భాగాన్ని కదిలించి, అసలు తప్పును అలాగే వదిలేసి ఉండేవాళ్లం.

మార్చి, మొదటి వారం

స్లోలో నడిచే బండి ఎత్తులో ఎందుకు ఆగుతుందో అర్థం కావాలంటే లెక్క వేసుకోవాలి. స్లోలో ఇంత చిన్న ఇంజను గంటకు సుమారు ఒక లీటరు పెట్రోలు తాగుతుంది. దీని పూర్తి బలం 40 గుర్రాలకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, రేసు పూర్తిగా తొక్కి ఎత్తు ఎక్కిస్తే గంటకు ఎనిమిది నుంచి పది లీటర్ల దాకా కావాలి, అంటే నిమిషానికి దాదాపు 150 మిల్లీలీటర్లు. ఫ్లోటు గిన్నెలో పట్టేది కొన్ని పదుల మిల్లీలీటర్లే. సరఫరా సగానికి పడిపోయినా ఊళ్లో తిరిగేటప్పుడు తెలియనే తెలియదు, ఎత్తులో మాత్రం గిన్నె నిమిషం లోపే ఖాళీ అవుతుంది. నా బండి చేస్తున్నది సరిగ్గా ఇదే.

పంపు ఇచ్చే వైపు ముందు చూశాను. కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, తగరపు డబ్బాలోకి పెట్టి, కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టించాను. ధార కొట్టుకుంటూ, బుడగలు లేకుండా, బలంగా వచ్చింది. ప్రెషర్ మీటరు పెడితే రెండున్నర పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దగ్గర నిలబడింది. ఈ తరహా కార్బురేటర్‌కు రెండు నుంచి మూడు వరకూ సరిపోతుంది. అంతకు మించితే గిన్నె నిండాక దారి మూసే నీడిల్ వాల్వు ఆపలేక పెట్రోలు పొంగుతుంది. పంపులో ఆడే పొర అయిన డయాఫ్రం, లోపలి వాల్వులు బాగున్నాయని అర్థమైంది.

అప్పుడు పీల్చే వైపు. ట్యాంకు నుంచి వచ్చే పైపుకూ పంపుకూ మధ్య టీ ఆకారపు జోడింపు పెట్టి, దానికి వాక్యూమ్ మీటరు, అంటే పీల్చే బలాన్ని పాదరసపు అంగుళాల్లో చూపే మీటరు, తగిలించాను. పెట్రోలు ఉన్న గొట్టాన్ని బండి లోపలికి తేవడం ప్రమాదం కనుక, బానెట్ అంచు సందులోంచి బయటికి లాగి, మీటరును ముందు అద్దానికి బయటి వైపు టేపుతో అతికించాను. తమ్ముడు పక్క సీట్లో కూర్చుని ముల్లు చూస్తూ చెప్పాడు, నేను రోడ్డు చూస్తూ నడిపాను.

హనుమంతవాక దాకా ముల్లు సున్నా దగ్గరే ఆడింది. జూపార్కు దాటాక మెల్లగా లేచింది. ఎత్తు మధ్యకు వచ్చేసరికి ఏడు అంగుళాలకు చేరి, అక్కడి నుంచి ఒక్కసారిగా పదికి ఎగిరింది. ఆ వెంటనే బండి దగ్గడం మొదలుపెట్టింది. పంపు గట్టిగా పీలుస్తోంది, వెనక నుంచి పెట్రోలు రావడం లేదు. అడ్డు పంపుకు ముందే ఎక్కడో ఉంది.

వేపర్ లాక్ అన్న మాట కూడా ఇక్కడే తన సరైన చోటికి వచ్చింది. పెట్రోలు ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరిగే ద్రవం కాదు, అందులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల నుంచే ఆవిరవుతాయి. ఒత్తిడి తగ్గితే ఇంకా ముందే అవుతాయి. పీల్చే పైపులో అడ్డు ఉంటే పంపు దగ్గర ఒత్తిడి పడిపోతుంది. ఆ పడిపోయిన ఒత్తిడిలో, వేడి ఇంజను పక్కన ఉన్న పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. తడి గుడ్డ వేస్తే ఆ ఆవిరి చల్లబడి మళ్లీ ద్రవమవుతుంది, బండి నడుస్తుంది, అందరూ వేడిదే తప్పనుకుంటారు. నిజానికి ఆవిరి వచ్చింది, కానీ దాన్ని రప్పించింది అడ్డు. పాత బండ్లలో వేపర్ లాక్ అని పేరు పెట్టి వదిలేసే వాటిలో చాలా వరకు ముందుగా పీల్చే దారిని చూడవలసినవేనని నా గట్టి నమ్మకం.

మార్చి, మూడో వారం

ట్యాంకు నుంచి పంపు వరకూ దారిలో అనుమానించదగిన చోట్లు నాలుగు: ట్యాంకు మూతలోని గాలి రంధ్రం, ట్యాంకు అడుగున పీల్చే గొట్టం మూతి దగ్గరి జాలి, బండి కింద నడిచే లోహపు పైపు, దానికి రెండు చివరలా ఉన్న రబ్బరు ముక్కలు. గాలి రంధ్రం మూసుకుపోతే పెట్రోలు తగ్గే కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి సరఫరా ఆగుతుంది. ఆగిన వెంటనే మూత తీస్తే 'స్స్' మని గాలి లోపలికి పోతుంది. ఎత్తు మీద మూత తీసి చూశాను, ఏ చప్పుడూ లేదు. లోహపు పైపును రెండు వైపులా విప్పి చేతి పంపుతో గాలి కొట్టి చూస్తే అడ్డు లేకుండా పోయింది.

దొరికింది ట్యాంకు దగ్గరి రబ్బరు ముక్కలో. పైకి చూస్తే కొత్తదానిలాగే ఉంది, వేలితో నొక్కితే కొద్దిగా మెత్తగా తగిలింది, అంతే. నిలువునా బ్లేడుతో కోసి తెరిచాను. లోపలి నల్లటి పొర ఉబ్బి, నూలు అల్లిక నుంచి ఊడి, ఒక వైపు నాలుకలా వేలాడుతోంది. పెట్రోలు నెమ్మదిగా పోతున్నంత సేపూ ఆ నాలుక గోడకు ఆనుకుని దారి ఇస్తుంది. లాగుడు పెరగగానే లేచి అడ్డం పడుతుంది, కొబ్బరిబోండాంలో నానిన కాగితం స్ట్రాను గట్టిగా పీలిస్తే మూసుకున్నట్టు. బండి ఆపి లాగుడు పోతే మళ్లీ పడుకుంటుంది. పది నిమిషాల్లో బండి కోలుకోవడానికి కారణం కళ్ల ముందే ఉంది. గాలి కొట్టి పరీక్షిస్తే ఈ తప్పు దొరకదని కూడా గమనించాలి, ఎందుకంటే వెనక నుంచి తోసే గాలి నాలుకను తెరిచే ఉంచుతుంది.

ఈ రబ్బరు ఎందుకు చెడిందో చెప్పుకోవాలి. మన పెట్రోలులో ఇథనాల్ పాలు 2022లో దేశమంతటా సగటున పది శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం మిశ్రమం అమ్మకం మొదలై, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరుకుతున్నది అదే. 1968లో ఈ బండికి పెట్టిన రబ్బరు గానీ, ఇప్పటికీ విడిభాగాల కొట్లలో మీటరు లెక్కన కోసి ఇచ్చే మామూలు నల్ల గొట్టం గానీ ఇంత ఇథనాల్‌ను ఊహించి చేసినవి కావు. ఇథనాల్ వాటిని ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, పొరలు విడదీస్తుంది. కొనేటప్పుడు గొట్టం మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అన్న ప్రమాణం అచ్చు ఉందో లేదో చూడాలి. దాని లోపలి పొర ఫ్లోరో రబ్బరుతో చేసినది, ఇథనాల్‌కు తట్టుకుంటుంది. ధర మామూలు దానికంటే చాలా ఎక్కువ. అయినా మొత్తం బండికి కావలసింది మీటరు లోపే కాబట్టి ఇక్కడ పొదుపు చేయడం నాకు అర్థం లేని పనిగా తోస్తుంది.

మరలు తిప్పి బిగించే, పళ్లు రబ్బరును కొరికే మామూలు క్లిప్పులు కాకుండా, గుండ్రటి అంచులున్న చిన్న క్లిప్పులు వాడాను. అన్ని రబ్బరు ముక్కలూ ఒకేసారి మార్చేశాను, ఒకటి చెడితే మిగతావీ అదే వయసువి.

మార్చి నెలాఖరు

గొట్టం మార్చి ఎండాడ ఎక్కిస్తే ముల్లు రెండు అంగుళాలు దాటలేదు, బండి ఆగకుండా మధురవాడ స్టేడియం దాకా వెళ్లింది. ఇక్కడితో ఆపవచ్చు. కానీ ఆ రెండు అంగుళాలు నన్ను ఆపనివ్వలేదు. పంపు పైమూత కింద ఉండే సన్నని జాలి విప్పి చూస్తే దాని మీద ఎర్రటి పొడి, జిగట మడ్డి పేరుకుని ఉన్నాయి. ఇథనాల్‌కు ఇంకో గుణం ఉంది, పాత పెట్రోలు ట్యాంకు గోడలకు పట్టించిన వార్నిష్ లాంటి పొరను అది కరిగించి ఊడగొడుతుంది. ఊడినదంతా దారిలోకే వస్తుంది.

ట్యాంకు దింపడానికి ముందు బ్యాటరీ తీసేసి, ఆరుబయట, చుట్టూ ఎవరూ బీడీ వెలిగించని చోట, ఏబీసీ పొడి సిలిండర్ చేతికందే దూరంలో ఉంచి పెట్రోలు దించాను. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేల వెంట పాకుతూ చాలా దూరం పోగలదు, షెడ్డులో ఈ పని చేయకూడదు. నోటితో పీల్చి దించే అలవాటు మన మెకానిక్కుల్లో ఇంకా ఉంది, దయచేసి మానండి.

దించిన పెట్రోలును గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచాను. అడుగున ఒక పలుచని, రంగు మారిన పొర విడిగా నిలిచింది. అది నీళ్లు కలిసిన ఇథనాల్. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులో అర శాతం నీరు చేరినా చాలు, ఇథనాల్ ఆ నీటిని పట్టుకుని పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతుంది. మన ఊరి గాలిలో తేమ ఎంతో చెప్పనక్కరలేదు. సగం ఖాళీ ట్యాంకుతో వారాల తరబడి నిలబడిన బండి ప్రతి రాత్రీ చల్లబడినప్పుడు ఆ తేమను లోపలికి పీల్చుకుంటుంది. ట్యాంకు లోపలి తుప్పుకు మూలం ఇదే. బండి నిలిపి ఉంచే రోజుల్లో ట్యాంకును నిండుగా ఉంచడం ఇప్పుడు అలవాటు చేసుకున్నాను.

ట్యాంకును వేడి చేయడం గానీ, వెల్డింగు మంట దగ్గరికి తీసుకెళ్లడం గానీ చేయలేదు. సబ్బు నీళ్లతో అనేకసార్లు కడిగి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు నింపి, గుప్పెడు నట్లు వేసి ఊపుతూ ఒక రాత్రి ఉంచాను. తెల్లారి వంపితే నీళ్లు చిక్కటి కాఫీ రంగులో వచ్చాయి. తరువాత వంట సోడా నీళ్లతో ఆమ్లాన్ని విరిచి, మంచి నీటితో కడిగి, వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి తిప్పి, చల్లని గాలి ఊదే బ్లోయరుతో ఆరబెట్టాను. ఈ చివరి మెట్టులో ఆలస్యం పనికిరాదు. సముద్రపు ఊరిలో కడిగిన ఇనుము అరగంటలోనే పసుపు తిరగడం మొదలవుతుంది. లోపల పూత పోయించుకోమని కొందరు సలహా ఇచ్చారు, నేను వద్దనుకున్నాను. ఇథనాల్‌కు నిలవని పూత రేకులుగా ఊడి అదే జాలిలో పడితే, ఇంత పనీ మొదటికి వస్తుంది.

ఏప్రిల్

విద్యుత్ పంపు పెట్టేయమన్న సలహా మళ్లీ మళ్లీ వినిపించింది. వద్దనడానికి నాకు రెండు కారణాలున్నాయి. ట్యాంకు దగ్గర పెట్టిన విద్యుత్ పంపు అడ్డును దాటించి తోస్తుంది, అంటే తప్పును దాచిపెడుతుంది. పైగా ప్రమాదంలో ఇంజను ఆగినా పంపు పెట్రోలు కొడుతూనే ఉంటుంది, దాన్ని ఆపే స్విచ్చు విడిగా కావాలి. రెండో కారణం ఈ బండి స్వరూపం. 2021లో మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు లేని బండిని వింటేజ్‌గా 'వీఏ' అక్షరాల వరుసలో రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆ దరఖాస్తు నా ఆలోచనలో ఉంది, కనుక ఉన్న పంపునే ఇథనాల్‌కు నిలిచే డయాఫ్రంతో తిరిగి కట్టించాను.

సరఫరా నిలకడగా అయ్యాక ఇంకో సంగతి బయటపడింది. ఎత్తులో బండి ఆగడం లేదు గానీ, ప్లగ్గులు విప్పితే కొనలు తెల్లగా ఉన్నాయి, మిక్చర్ పలుచనైందని, అంటే గాలికి తగినంత పెట్రోలు కలవడం లేదని సంకేతం. దీనికి లెక్క ఉంది. పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 వంతులు చాలు. ఇరవై శాతం మిశ్రమానికి ఇది సుమారు 13.5 అవుతుంది. అంటే అదే గాలికి తొమ్మిది శాతం దాకా ఎక్కువ ఇంధనం ఇవ్వాలి, పాత జెట్టు ఇవ్వదు. సోలెక్స్ మెయిన్ జెట్టు మీద చెక్కిన అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతులుగా చెబుతుంది. ఉదాహరణకు 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. దాన్ని 125కు మారిస్తే రంధ్రం వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది, కావలసింది దాదాపు అంతే. అందుకని నా జెట్టు కంటే ఒక మెట్టు పెద్దది తెచ్చి వేశాను. పాత జెట్టు రంధ్రాన్ని సూదితో పెద్దది చేసే పద్ధతి మంచిది కాదు. ఆ రంధ్రం అంచు ఆకారం మీద కూడా ప్రవాహం ఆధారపడుతుంది, పైగా అసలు కొలత పోయాక వెనక్కి రావడం కుదరదు.

కార్బురేటర్ తెరిచాను కనుక ఇత్తడి ఫ్లోటును వేడి నీళ్లలో ముంచి చూశాను. అతుకు దగ్గర సన్నని రంధ్రం ఉంటే బుడగలు వస్తాయి. రాలేదు.

మే నెలాఖరు, రోహిణి కార్తె

వేడి పరీక్షకు ఇంతకంటే తగిన రోజులు లేవు. మధ్యాహ్నం ఎండలో అడవివరం నుంచి సింహాచలం కొండ ఘాట్ రోడ్డు ఎక్కించాను. మలుపుల్లో రెండో గేరులో నిదానంగా, ఎదురుగాలి పెద్దగా లేకుండా, ఇంజను పూర్తిగా వేడెక్కేలా. వాక్యూమ్ ముల్లు ఒక అంగుళం దగ్గర ఉంది. పైన ఆపి పది నిమిషాలకు తిరిగి స్టార్టు చేస్తే మాత్రం రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టవలసి వచ్చింది. ఇది నిజమైన వేడి సమస్యే. ఆగిన ఇంజను నుంచి వేడి పైకి చేరి గిన్నెలోని పెట్రోలును మరిగిస్తోంది. దీనికి మందు చిన్నదే. కార్బురేటర్ కింది ప్యాకింగ్ స్థానంలో వేడిని ఆపే మందపాటి బేకలైట్ దిమ్మ ఒకటి, పంపు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే గొట్టాన్ని ఎగ్జాస్టుకు దూరంగా మళ్లించడం ఒకటి. దిమ్మను ఆటోనగర్‌లో లేతు పని చేసే చోట కోయించాను, బిగించాక ఎత్తు పెరిగిన మేరకు రేసు కడ్డీని సరిచేశాను. తరువాతి ఎక్కుడులో కొండ మీద ఆపి తీస్తే మొదటి సెల్ఫ్‌కే అందుకుంది.

ఇప్పుడు ప్లగ్గు కొనలు లేత గోధుమ రంగులో ఉన్నాయి. పంపు జాలిని నెలకొకసారి విప్పి చూస్తున్నాను, ఎర్ర పొడి బాగా తగ్గింది. మిగిలిన పనులు రెండు. ట్యాంకులో పెట్రోలు మట్టం చూపే యూనిట్ కింది పాత వాషరు చెమరుస్తోంది, దాన్ని ఫ్లోరో రబ్బరు షీటు నుంచి కోసి మార్చాలి. ఆ తరువాత శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కించి, పైకి చేరే వరకూ వాక్యూమ్ మీటరు అద్దం మీదే ఉంచి కొలతలు రాసుకోవాలి.